గుక్కలు లెక్కపెట్టే రోజులు

బావగారికి బైపాస్ అయిందని నెల్లూరులో తెలిసిన సాయంత్రం మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. అందరూ గుండె గురించే అడిగారు. ఎన్ని బ్లాకులున్నాయి, స్టెంటుతో పోయేది కాదా, ఇంకా ఐసీయూలోనే ఉన్నారా అని. గుండెకు కాదండీ, పొట్టకు అని చెప్పగానే అవతల ఒక క్షణం మౌనం. తర్వాత గొంతులో కంగారు పోయి చిన్న నవ్వు వచ్చి చేరేది. "ఓహో, లావు తగ్గడానికా! అయితే ఎన్ని కిలోలు తగ్గారు?" అప్పటికి ఆపరేషన్ జరిగి ముప్పై గంటలు కూడా కాలేదు.

బావగారు చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని పెరంబూరులోని మా ఇంట్లో మూడు వారాలు ఉన్నారు. నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు వాళ్లకు పెద్ద వైద్యమంటే చెన్నై రావడం తరతరాల అలవాటు. ఆ మూడు వారాల్లో నాకు అర్థమైనది ఒకటే. కిలోల లెక్క ఈ దశలో పనికిరానిది. బరువు దాని మానాన అది తగ్గుతుంది. రోగి, ఇంటివాళ్లు లెక్కపెట్టవలసినవి మిల్లీలీటర్లు, గ్రాములు, నాడి కొట్టుకునే వేగం.

ముందు లోపల ఏం చేస్తారో చూద్దాం. మన దేశంలో ఎక్కువగా జరిగేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో పొట్టలో నూటికి 75 నుంచి 80 వంతులు నిలువునా కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఊరేది తీసేసిన ఆ భాగంలోనే కనుక, చోటుతో పాటు ఆకలీ తగ్గుతుంది. బైపాస్‌లో ఏదీ బయటికి తీయరు. పొట్ట పైకొసను సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిగా వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. పెద్ద చెంచాతో రెండు చెంచాలు పోస్తే ఆ సంచి నిండిపోతుంది. మిగతా పొట్ట లోపలే ఉంటుంది, రసాలూ ఊరుతుంటాయి, తిన్నది మాత్రం అటు పోదు. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ దీనికి నాంది పలికాడు. కడుపులో పుండ్ల కోసం పొట్ట కొంత తీసేసినవాళ్లు మళ్లీ లావెక్కకపోవడం ఆయనకు ఆలోచన తెప్పించింది. బావగారికి పన్నెండేళ్లుగా మధుమేహం ఉంది కనుక వైద్యులు స్లీవ్ కన్నా బైపాసే మేలన్నారు.

కోసిన అంచులను టైటానియం పిన్నులతో మూస్తారు. మొదటి రోజుల్లో అతుకును పట్టి ఉంచేవి ఆ పిన్నులే. ఒంటి కండ సొంతంగా అతుక్కుని గట్టిపడడానికి వారాలు పడుతుంది. పైగా కొత్త సంచి, దాని ద్వారం వాచి ఉంటాయి. ఆసుపత్రివాళ్లు ఇచ్చే ఆహారపు పట్టిక అంతా ఈ రెండు సంగతుల మీదే నిలబడి ఉంది. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లలాంటి తేట ద్రవాలు, తర్వాత సుమారు రెండు వారాలు పాలు, మజ్జిగ వంటి చిక్కని ద్రవాలు, మూడు నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తగా ఉడికినవి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. సర్జన్‌ను బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. మీ చేతిలో పెట్టిన కాగితమే మీకు ప్రమాణం, పక్క మంచం వాళ్ల కాగితం కాదు. ఈ పట్టికను శిక్షలా చూసేవాళ్లు "ఒక్క ముద్దకు ఏమవుతుందిలే" అనుకుంటారు. అతుకు సంగతి తెలిసినవాళ్లు అలా అనుకోరు.

ఆపరేషన్ రోజు సాయంత్రమే నర్సు వచ్చి లేచి నడవమంది. అక్క కళ్లెర్రజేసింది. కోసిన మనిషిని పడుకోనివ్వకుండా నడిపించడం ఏమిటని ఆమె బాధ. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత ప్రాణం తీసే కారణాల్లో ముందువరుసలో ఉండేది కాళ్ల సిరల్లో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరడమే. భారీ శరీరం, మత్తులో గంటల తరబడి కదలకుండా ఉండడం, కోత వల్ల రక్తం చిక్కబడే గుణం, మూడూ ఒకేసారి కలుస్తాయి. అందుకే కాళ్లకు బిగువు మేజోళ్లు, పొట్ట చర్మంలోకి రక్తం పలచబడే ఇంజెక్షన్లు, గంట గంటకూ నాలుగడుగులు. కొందరికి ఆ ఇంజెక్షన్లు ఇంటికి వచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు కొనసాగుతాయి. నెల్లూరుకు తిరుగు ప్రయాణం సుమారు 175 కిలోమీటర్లు. కారులో మూడు గంటల పైనే కదలకుండా కూర్చోవాలి కనుక సూళ్లూరుపేటలో ఒకసారి, నాయుడుపేటలో ఒకసారి దింపి నడిపించాం. గురక జబ్బుకు రాత్రిపూట మాస్కు యంత్రం వాడేవాళ్లు బరువు తగ్గుతున్నాం కదా అని దాన్ని అటక ఎక్కించకూడదు. ఈ రోజుల్లో దాని అవసరం ఇంకా ఎక్కువ.

రెండో రోజు బావగారు ఎడమ భుజం లాగుతోందన్నారు. ఫోన్లలో అందరూ గుండె గుండె అని నూరిపోసి ఉన్నారు కనుక అక్క ముఖం పాలిపోయింది. అది గ్యాస్ నొప్పి. మనం మామూలుగా గ్యాస్ అనేది కాదు. చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. మిగిలిపోయిన వాయువు పొట్టకూ రొమ్ముకూ మధ్యనున్న పొరను రాపిడి చేస్తుంది. ఆ పొర నుంచీ భుజం నుంచీ కబురు మోసే నరాలు మెడ దగ్గర ఒకేచోట వెన్నుపామును చేరతాయి కనుక మెదడు చిరునామా పొరపడుతుంది. రెండు మూడు రోజుల్లో, నడిస్తే ఇంకా త్వరగా, అది పోతుంది. పోకుండా పెరుగుతున్నా, జ్వరమో ఆయాసమో తోడైనా మాత్రం వేరే కథ. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంటికొచ్చాక అసలు ఉద్యోగం మొదలైంది. నీళ్లు తాగడం.

వినడానికి హాస్యంగా ఉంటుంది కానీ, మొదటి నెలలో మళ్లీ ఆసుపత్రి గడప తొక్కించే కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఎప్పుడూ పై వరుసలోనే ఉంటుంది. రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు కావాలి. సంచి పట్టేది 30 మిల్లీలీటర్లు. గటగట తాగడం ఇక కుదరదు. దగ్గు మందు సీసా మీద వచ్చే కొలత మూతను తీసి నేనొక లెక్క వేశాను. పావుగంటకు 30 మిల్లీలీటర్ల చొప్పున, అదీ రెండు మూడు గుక్కలుగా, మెలకువగా ఉన్న పద్నాలుగు గంటలూ తాగితే 1,680 మిల్లీలీటర్లు. ఒక గంట కునుకు తీస్తే 120 పోయినట్టే. మే నెల, కర్తరి ఎండలు, చెన్నై ఉక్క. ఫ్యాను కింద కూర్చున్నా చొక్కా తడిసిపోయే ఊళ్లో ఈ లెక్క తప్పితే సాయంత్రానికల్లా తలతిరుగుడు, ముదురు పసుపు మూత్రం. రక్తపోటుకు నీరు పోయేలా చేసే మాత్రలు వాడేవాళ్లకు ఇది రెట్టింపు ప్రమాదం. ఆ మాత్రను కొనసాగించాలా ఆపాలా అన్నది ఆసుపత్రి నుంచి వచ్చేముందే అడిగి రాయించుకోవాలి. తిండి మొదలయ్యాక ఇంకో నియమం వచ్చి చేరుతుంది. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ముద్దకూ ముద్దకూ మధ్య నీళ్లు తాగే మన అలవాటును మాన్పించడం అంత తేలిక కాదు.

ఇక వంటిల్లు. నా ఉద్దేశంలో మన ఇళ్లలో ఈ రికవరీ దెబ్బతినేది ఇక్కడే, అదీ ప్రేమ వల్ల. పథ్యం అనగానే మనకు తోచేది గంజి, జావ, చారు పోసి మెత్తగా పిసికిన అన్నం. జ్వరం వచ్చినవాళ్లకు అవి చక్కగా సరిపోతాయి. ఇక్కడ కావలసింది వేరు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీను లోపలికి వెళ్లాలి. లేకపోతే శరీరం కొవ్వుతో పాటు కండనూ కరిగిస్తుంది, కోతలు మానడం ఆలస్యమవుతుంది. అక్క గర్వంగా చేసి తెచ్చిన కంది కట్టులో ప్రోటీను పేరుకే, అసలు సరుకు అడుగున గిన్నెలోనే ఉండిపోయింది. రెండు చెంచాల రాగి పిండితో కాచిన జావలో ఒకటిన్నర గ్రాములు. పాలలో వంద మిల్లీలీటర్లకు మూడు గ్రాములు, అంటే పాలతోనే నెట్టుకురావాలంటే రెండు లీటర్లు తాగాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. అందుకే మొదటి వారాల్లో ప్రోటీను పొడి తప్పదు. అది వ్యాయామశాలల వ్యాపారమని ముఖం తిప్పుకున్న బావగారికి ఈ కూడికలు వేసి చూపించాక గాని గ్లాసు అందుకోలేదు. అక్క కూడా దారికి వచ్చింది. కట్టు వంపడం మానేసి, మూడో వారంలో పప్పు మొత్తాన్ని మిక్సీలో వేసి జల్లించి ఇచ్చింది. వెన్న తీసిన పెరుగును గిలకొట్టింది. ఆవిరి మీద ఉడికించిన చేపను మెత్తగా చిదిమి, చిటికెడు ఉప్పు వేసి ముందు పెట్టింది. నెల్లూరు మనిషికి పులుసు లేని చేప! ఆయన చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే.

తీపి విషయంలో బైపాస్ వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. పొట్ట దగ్గర ఆగి కొద్దికొద్దిగా దిగవలసిన చక్కెర ఒక్కసారిగా చిన్నపేగులో పడితే, దాన్ని పలచబరచడానికి రక్తంలోని నీరు అటు లాగబడుతుంది. అరగంట లోపలే చెమటలు, గుండె దడ, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. దీన్నే డంపింగ్ అంటారు. పరామర్శకు వచ్చినవాళ్లు "నీరసంగా ఉన్నారు" అని కలిపి ఇచ్చే బాదంపాలు, పళ్లరసం చేసే పని ఇది.

మధుమేహం ఉన్నవాళ్లకు జరిగేది చూస్తే ఇంద్రజాలంలా ఉంటుంది. బరువు ఇంకా తగ్గకముందే, రోజుల్లోనే చక్కెర దిగిపోతుంది. తిండి దాదాపు లేకపోవడం ఒక కారణం. పేగుల దారి మారడంతో ఇన్సులిన్‌కు తోడ్పడే హార్మోన్లు పెరగడం మరొకటి. సంతోషించవలసిన విషయమే, పాత మాత్రలు పాత మోతాదులో మింగనంత వరకు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి తగ్గించకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. "రోజూ వేసుకునే మాత్రే కదా" అన్న మాట ఈ రోజుల్లో పనికిరాదు. బావగారి మంచం పక్కన ఒక నోటుబుక్కు పెట్టి రోజుకు నాలుగుసార్లు గ్లూకోమీటరు అంకెలు రాశాం. మాత్రల విషయంలో మరో చిక్కు, పెద్ద మాత్ర కొత్త ద్వారం దగ్గర ఇరుక్కుంటుంది, నూరి వేసుకోవాలి. కానీ పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్ అని ఉన్నవి నెమ్మదిగా కరిగేలా తయారైనవి. నూరితే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది. వాటికి బదులు ఏమిటో వైద్యులనే అడగాలి. నడుమునొప్పికో తలనొప్పికో మందుల షాపులో తీసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు కొత్త అతుకు దగ్గర పుండు చేస్తాయి. పారాసిటమాల్ ఒక్కటే చాలు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది రెండో వారం చివరి ముచ్చట. వాంతులు మొదలయ్యాయి. తొందరగా మింగడమో, చిక్కదనం ఎక్కువ కావడమో, వాపు ఇంకా తగ్గకపోవడమో, మామూలు కారణాలే. రెండు రోజులు గడిచినా తగ్గలేదు. పక్కింటావిడ మంచి మనసుతో, వీధి చివర చిన్న క్లినిక్‌లో ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటే లేచి కూర్చుంటారని చెప్పారు. నీరసానికి బాటిల్ ఎక్కించుకోవడం మన ఊళ్లలో సగం వైద్యం. మేం చెప్పులు కూడా వేసుకున్నాం. ఎందుకో ఒక్కసారి ఆపరేషన్ చేసిన చోటికి ఫోను చేస్తే, వద్దు, వెంటనే ఇక్కడికి తీసుకురండి అన్నారు.

కారణం థయమిన్, అంటే విటమిన్ బి1. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. తిండి అంతంతమాత్రం, పైగా వాంతులు. ఆ నిల్వ అడుగంటిన సమయంలో గ్లూకోజు ఎక్కిస్తే, దాన్ని ఖర్చు చేయడానికి మెదడు కణాలకు థయమిన్ కావాలి. ఉన్న కాస్తా ఒక్క దెబ్బకు అయిపోతుంది. దాంతో ఒక వస్తువు రెండుగా కనబడడం, అడుగు తూలడం, మాట పొంతన తప్పడం. గుర్తించి సూదితో థయమిన్ ఇవ్వడం ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఇది తాగుబోతుల జబ్బని ప్రతీతి. కానీ 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె మొదటిసారి వర్ణించిన ముగ్గురిలో ఒకరు బట్టలు కుట్టుకునే ఒక యువతి. ఆమ్లం మింగి, పొట్ట ద్వారం మూసుకుపోయి, ఆగని వాంతులతో ఆ స్థితికి వచ్చింది. మద్యంతో ఆమెకు పని లేదు. ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజు, ఈ వరస మారకూడదు. వీధి క్లినిక్‌లో ఎవరైనా ఆపరేషన్ సంగతి అడిగేవాళ్లో లేదో. మనమే ముందు చెప్పాలి. బావగారికి ఆ రోజు థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చాక సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి ఇంటికి వచ్చాం.

భుజం నొప్పి దగ్గర ఆపిన విషయం ఇది: అతుకు దగ్గర కారడం. ఇది అరుదు, నూటికి ఒకరిద్దరిలో జరుగుతుంది. అతుకులో చిన్న సందు పడి లోపలి రసాలు బయటికి, పేగుల చుట్టూ ఉన్న చోటులోకి చిమ్ముతాయి. ఎక్కువగా మొదటి వారం పది రోజుల్లో, కొన్నిసార్లు ఇంటికి వెళ్లిపోయాక బయటపడుతుంది. మామూలుగా ఇలా జరిగితే పొట్ట చెక్కలా గట్టిపడుతుందని పుస్తకాలు చెబుతాయి. లావుపాటి పొట్టలో ఆ గట్టితనం చేతికి తెలియదు. ముందు పలికేది నాడి. కదలకుండా కూర్చున్నా నిమిషానికి 120 దాటి కొట్టుకుంటూ ఉంటే, జ్వరం లేకపోయినా, నొప్పి అంతగా లేకపోయినా, తెల్లవారే దాకా ఆగకుండా బయలుదేరాలి. ఆయాసం, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఒక్క కాలే వాయడం, నల్లటి విరేచనం, నీళ్లు కూడా నిలవకపోవడం, ఇవీ అంతే. వేలికి తగిలించే చిన్న పరికరం ఇంట్లో ఉంటే మేలు. లేకపోతే మణికట్టు, గోడ గడియారం చాలు. ఇంత చెప్పి భయపెడుతున్నానని అనుకోవద్దు. 2009లో అమెరికాలో బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్న 4,776 మందిపై వచ్చిన పరిశీలనలో 30 రోజుల లోపు మరణాలు 0.3 శాతం.

కిలోల విషయానికొస్తే, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు బావగారు రెండు కిలోలు పెరిగి ఉన్నారు. ఎక్కించిన సెలైన్ అది. తర్వాత వారంలో గబగబా దిగారు. అందులో సగం నీరే. కాలేయంలో, కండలో దాచుకున్న గ్లైకోజెన్ ప్రతి గ్రాముతో పాటు మూడు నాలుగు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చవుతుంటే నీరూ పోతుంది. మూడో వారం వచ్చేసరికి ముల్లు కదలడం ఆగిపోయింది. రోజుకు ఆరువందల క్యాలరీలు కూడా తినని మనిషి బరువు ఎందుకు తగ్గడం లేదని ఇంట్లో సభ పెట్టారు. శరీరం ఆ నీటి నిల్వలను సర్దుకునే కాలంలో ఇలా వారం, పది రోజులు ఆగడం దాదాపు అందరికీ జరిగేదే. బరువు తూచే యంత్రాన్ని నేనే పరుపు కిందకు తోసేశాను. మూడు నాలుగు నెలల తర్వాత జుట్టు రాలుతుందని, మళ్లీ వస్తుందని కూడా అప్పుడే చెప్పి ఉంచాను. విటమిన్లు జీవితాంతం వాడాలని, క్యాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలని అక్క ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించింది.

ఆకలి లేదు కానీ తినాలని ఉంది, అని బావగారు ఒక రాత్రి అన్నారు. వంటింట్లోంచి ఆవాలు చిటపటలాడే చప్పుడు, ఇంగువ వాసన వచ్చినప్పుడల్లా ఆయన వరండాలోకి వెళ్లి నిలబడేవారు. పొట్ట ఊరుకున్నా నోరు ఊరుకోదు. ఎందుకు చేయించుకున్నానా అని రెండు మూడు సార్లు గట్టిగానే విసుక్కున్నారు కూడా. ఆ మాటకు మేం సమాధానం వెతుక్కోవడం మానేసి, ఆయన ముందు భోజనానికి కూర్చోవడం కొన్నాళ్లు ఆపేశాం.

ఆరో వారం పరీక్షలకు ఇద్దరూ నెల్లూరు నుంచి రైల్లో వచ్చారు. పొద్దున అందరితో పాటు ఆయనకూ పళ్లెం పెట్టాం. ఒక ఇడ్లీ. శనగ గింజంత ముక్క తుంచి, కారం లేని పలచని పప్పులో ముంచి, నమిలి, చెంచా కింద పెట్టి, మళ్లీ తీసుకుని. సగం ఇడ్లీ దగ్గర ఆగి పళ్లెం జరిపారు. నేను గడియారం చూశాను. ఇరవై ఐదు నిమిషాలు. అక్క అలవాటుగా రెండో ఇడ్లీతో వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడే ఆగి, దాన్ని తనే తింది.